తలుపు లేని తులసి కంచె

పశువుల వెంట తిరగడం నామోషీ అనుకోని మా వేణుగోపాలస్వామికి ముందుగా నమస్కారం. కోరినవన్నీ ఇచ్చినందుకు కాదు, తన పేరు చెప్పుకుని మాలాంటి వాళ్లం చేసే తెలివితక్కువ పనులను చూసి కూడా మొహం తిప్పుకోనందుకు. ఆయన నామం పలికిన నోటితోనే ఇప్పుడు ఆయన భజన మండలిని చూసి నవ్వబోతున్నాను. ఆ నవ్వు కూడా ఆయనకే సమర్పణ. మా ఇంట్లో ఏ సంగతి మొదలుపెట్టినా ముందు స్వామిని తలిచేవాళ్లం, సంగతి తర్వాత. నాకా అలవాటు పోలేదు. పోవాలని కూడా లేదు.

పోయిన వారం మా ఫ్లాటు బాల్కనీకి పావురాల వల కట్టడానికి ఒకతను వచ్చాడు. కొలతలు తీసుకున్నాడు, గోడకు రంధ్రాలు వేశాడు, చివరికి తులసి కుండీ వైపు చూసి, "అమ్మా, దీనికి తెరిచే తలుపు ఏ దిక్కు పెట్టాలె?" అని అడిగాడు. అంతే, నాకు నవ్వు పొంగుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఒక పక్క కళ్ల నీళ్లు కారుతున్నాయి. పాపం అతను హడలిపోయి మా ఆయనను కేకేశాడు. "సార్, అమ్మకు పానం మంచిగున్నదా? జర వచ్చి చూడుండ్రి." మా ఆయన పేపరులో నుంచి తల ఎత్తకుండానే, "ఏం గాలేదు. నువ్వు తలుపు మాట ఎత్తినవ్ గదా, గందుకే" అన్నాడు. అతను వెళ్లిపోయాక అటక మీదున్న హార్మోనియం పెట్టె దింపించాను. అడుగున, మాసిన శాలువా కింద, చాపలా చుట్టిన ఇనుప జాలి ముక్క. తుప్పు పట్టి చేతికి ఎర్రగా అంటుకుంది. ఒక కంతలో కోడి ఈక ఇంకా ఇరుక్కునే ఉంది.

ఆ జాలి తలుపు లేని ఒక కంచెది. ఆ కంచె కట్టింది మా మండలి. కట్టింది ఒక మేక కోసం.

అప్పట్లో మా మణికొండ అంటే బండరాళ్లు, బండల మధ్య ద్రాక్ష తోటలు, కోళ్ల ఫారాలు. గాలి ఎటు నుంచి వీస్తోందో మా నాయనమ్మ కళ్లు మూసుకుని చెప్పేది. కోళ్ల వాసన వస్తే పడమటి గాలి, సిమెంటు వాసన వస్తే ఉత్తరపు గాలి. ఎందుకంటే ఉత్తరాన మాదాపూర్ వైపు అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. రోజూ మధ్యాహ్నం అటు ఎక్కడో బండలు పేల్చేవాళ్లు. పేల్చే ముందు ఈల ఊదేవాళ్లు. పేలుడు వినబడగానే మా భజన మందిరంలో దీపం ఒకసారి ఉలిక్కిపడి మళ్లీ నిలదొక్కుకునేది. మొదట్లో మేమూ ఉలిక్కిపడేవాళ్లం. తర్వాత తర్వాత ఆ ఈల విని నైవేద్యం పెట్టడం అలవాటైపోయింది. అక్కడ పనికి సెలవు ఇచ్చిన రోజున ఇక్కడ స్వామికి భోజనం ఆలస్యమయ్యేది.

మండలికి పెద్ద మా నాయిన, నర్సింలు. పాలవ్యాపారం చేసేవాడు కానీ ఆయన అసలు వృత్తి నియమాలు. పురాణం కంఠతా వచ్చు. పొద్దున లేచి బోరు కింద స్నానం చేసి, తడి పంచెతోనే పశువుల కొట్టంలోకి వెళ్లి, ఒక్కో బర్రెకూ నామం వినిపించి అప్పుడు పాలు పిండేవాడు. ఆయన ఒంటి మీద ఎప్పుడూ కర్పూరం, గడ్డి, పచ్చి పాలు కలిసిన వాసన. ఆయన నియమాలన్నింటిలోకీ పెద్దది ప్రదక్షిణం. ఏ పని అయినా కుడివైపు తిరిగే చేయాలి. పక్కింటికి పోవాలన్నా ఎడమకు తిరిగితే నాలుగడుగులు, ఆయన కుడికి తిరిగి ఊరంతా చుట్టి పోయేవాడు. పాల డబ్బాలు కూడా ఆ వరుసలోనే వేసేవాడు. ఒకసారి ఎవరింట్లోనో వేయడం మరిచిపోతే వెనక్కి రాలేదు, మళ్లీ మొదటి నుంచి ఊరు చుట్టాడు. మా మామ ఎల్లయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, మండలిలో డోలక్ వాయించేవాడు, "బావతోని బస్సెక్కుడు కష్టం బిడ్డా. డ్రైవర్ ఎడమకు తిప్పితే లోపలి నుంచి క్షమాపణ చెప్పుకుంటడు" అనేవాడు.

నాయిన పెట్టిన ఇంకో రెండు నియమాలు ఇక్కడ చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఒకటి, నామం ఎత్తుకున్నాక హారతి అయ్యేదాకా ఆపకూడదు, మధ్యలో ఇంకో మాట మాట్లాడకూడదు. రెండోది, మండలితో కలిసి తులసి చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తి చేసి హారతి తీసుకున్నవాళ్లు ఎవరైనా సరే ఆ క్షణం నుంచి మండలివాళ్లే. వాళ్లను బయటికి పంపే అధికారం ఎవరికీ లేదు. ఈ రెండో నియమం వల్లనే సత్యనారాయణ గారు మాలో కలిశారు. ఆయనది భీమవరం. ఇక్కడ ఏదో మేడ కట్టేచోట సూపర్‌వైజరుగా చేస్తూ మా వీధిలో కిరాయికి ఉండేవారు. చేతిలో హార్మోనియం, నోటినిండా అండీ. "ఆంధ్రాయన మన మండలిల ఎందుకు?" అని కొందరు గొణిగితే నాయిన ఒక్కటే మాట అన్నాడు. "చుట్టు తిరిగిండా? తిరిగిండు. హారతి తీసుకున్నడా? తీసుకున్నడు. ఇగ మాట్లాడుడు లేదు."

మందిరం పక్కన మండలికి చిన్న తులసి వనం ఉండేది. ఇక మా ఇంట్లో సుందరి అనే మేక ఉండేది. పుట్టిన వారానికే తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి నేనే పెంచాను. నాకప్పుడు ఇరవై ఏళ్లు. నాకు ఊళ్లో స్నేహితురాలు ఎవరంటే ముందు సుందరి పేరే చెప్పేదాన్ని. నాయనమ్మకు ఆవుపాలు పడవు, బర్రెపాలు పడవు, సుందరి పాలు ఒక్కటే కడుపులో నిలిచేవి. పాలవ్యాపారి తల్లికి మేకపాలు తప్ప దిక్కులేదని ఊరంతా నవ్వేది. చిక్కల్లా ఏమిటంటే, సుందరికి ఊళ్లో ఉన్న గడ్డి, చెట్లు, వడ్లూ ఏవీ పట్టవు. వెళ్లి వెళ్లి తులసి వనంలోనే మేసేది. ఆ ఏడు క్షీరాబ్ది ద్వాదశికి తులసి కల్యాణం దగ్గరపడుతుంటే మొక్కలన్నీ మోడుల్లా నిలబడ్డాయి. మండలి కూర్చుంది. అందరూ సుందరి మీద పడ్డారు. చివరికి నాయిన స్వామి ముందు కర్పూరం వెలిగించి మాట ఇచ్చాడు. కంచె కడదాం. కంచె కట్టినంక కూడా అది తులసిని ఒక్క ఆకు ముట్టినా, పూజ అయిన తెల్లారి సంతకు పోతది.

సంతలో మేకను ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో నాకు తెలుసు. నాయనమ్మకు ఇంకా బాగా తెలుసు. ఆ రోజు రాత్రి ఆమె గ్లాసులో పాలు అట్లనే ఉండిపోయాయి. స్వామి ముందు ఇచ్చిన మాట నాయిన తప్పడు. అంటే, ఆ కంచె గట్టిగా నిలబడితేనే సుందరి ఉంటుంది. అందుకని కంచె పనిలో అందరికంటే ముందు నేనే నడుం కట్టాను.

కర్రలు సత్యనారాయణ గారు తెచ్చారు. స్లాబు పోసి తీసేసిన సెంట్రింగు కట్టెలు, సిమెంటు అంటుకుని రాళ్లలా ఉండేవి. జాలి మూతపడిన ఒక కోళ్ల ఫారం నుంచి వచ్చింది, ఈకలతో సహా. కోళ్లను కాసిన జాలి తులసమ్మ చుట్టూ ఎట్లా కడతాం అని నాయినకు అనుమానం. దాని మీద పసుపు నీళ్లు చల్లి, గంట మోగించి, నామం వినిపించి శుద్ధి చేశాడు. వాసన మాత్రం శుద్ధి కాలేదు. సుత్తులు, గడ్డపార, డబ్బాడు మొలలు సిద్ధమయ్యాయి.

ఇక తలుపు. నాయిన తూర్పు అన్నాడు. సత్యనారాయణ గారు, "వాస్తు ప్రకారం ఉత్తరం శ్రేష్ఠమండీ, కుబేర స్థానమండీ" అన్నారు. ఎల్లయ్య మామ దక్షిణం అన్నాడు, ఎందుకంటే దక్షిణాన ఆయన ఇల్లు. "తులసమ్మకు కుబేరునితోని ఏం పని?" అన్నాడు నాయిన. "యముడితో మాత్రం ఏం పనండీ, దక్షిణం అంటున్నారు?" అన్నారు సత్యనారాయణ గారు. ఎల్లయ్య మామకు కోపం వచ్చింది. "అంటే నా ఇంట్ల యముడున్నడా?" చీకటిపడేదాకా తేలలేదు. పడమర అని ఎవరూ అనలేదు, అటు కోళ్ల ఫారాలు. చివరికి నాయిన, "తలుపు సంగతి ఇడిసిపెట్టుండ్రి. పని షురూ చేద్దాం. ఆఖరి కంబం కాడ జాగ వదుల్దాం" అన్నాడు. అందరూ సరే అన్నారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మేము గుర్తుపెట్టుకోలేదు.

ద్వాదశికి ముందురోజు ఏకాదశి. మండలి అంతా ఉపవాసం. ఆ రోజు కడుపునిండా తిన్నది సుందరి ఒక్కతే. దాన్ని ఇంటి వెనక గుంజకు కట్టేసి వచ్చాను. కంచె బయటంతా ముళ్లకంప, రాళ్లు. లోపల చదునైన నేల. అందుకని అందరమూ లోపల నిలబడే పని మొదలుపెట్టాం. హార్మోనియం మట్టిలో పెట్టకూడదని సత్యనారాయణ గారు ఒక్కరే బయట బండ మీద కూర్చున్నారు, జాలి కత్తిరించే పట్టుకారు ఆయన పెట్టెలోనే ఉంది. నాయిన తూర్పున మొదటి గుంజ పాతి, "గోవిందా" అని నామం ఎత్తుకున్నాడు. ఇక ఎవరూ వేరే మాట మాట్లాడటానికి లేదు.

అంత అందంగా సాగిన పని నా జన్మలో ఇంకొకటి చూడలేదు. డోలక్ దెబ్బకు సుత్తి దెబ్బ కలిసేది. ఒకరు గుంజ పట్టుకుంటే ఇంకొకరు రాళ్లు కుక్కేవాళ్లు, నేను జాలి చుట్ట విప్పుకుంటూ నడిచేదాన్ని. తూర్పు అయింది, దక్షిణం అయింది. పడమటి వైపు తిరిగినప్పుడు కాలికి ఏదో మెత్తగా తగిలింది. చూస్తే సుందరి. మెడలో కొరికేసిన తాడు ముక్క వేలాడుతోంది. నా వెనకే, జాలి చుట్ట పక్కనే, మండలి మనిషిలాగా బుద్ధిగా నడుస్తోంది. అరిస్తే నాయిన చూస్తాడు. పైగా నామం మధ్యలో అరవకూడదు. జాలి చుట్టను దానికి అడ్డం పెట్టి, గొంతు పెంచి ఇంకా గట్టిగా పాడాను. ఉత్తరం ఇంకా తెరిచే ఉంది కదా, అటు చేరగానే మెల్లగా బయటికి నెట్టేద్దామనుకున్నాను.

ఉత్తరం చేరేసరికి భజన పరాకాష్ఠలో ఉంది. ఉపవాసం, ఎండ, నామం, మూడూ కలిసి అందరికీ తలకెక్కాయి. అందరూ ఒకేచోట గుమిగూడటంతో సుందరిని నెట్టే సందు నాకు దొరకలేదు. ఆఖరి గుంజ పాతారు. అక్కడ జాగ వదలాలి. కానీ నాయిన కళ్లు సగం మూతపడి ఉన్నాయి. ప్రదక్షిణం మొదలైన చోటే ముగియాలని ఆయన చేతులకు తెలుసు, తలుపు మాట చేతులకు తెలియదు. జాలిని లాగి మొదటి గుంజకు కొట్టడం మొదలుపెట్టాడు. ఎల్లయ్య మామ అది చూశాడు. కళ్లు పెద్దవి చేసి, డోలక్ మీద ఠపఠపా కొట్టి, "గోవిందా!" అని అరిచాడు. నాయిన అది భక్తి పారవశ్యం అనుకుని తానూ ఒక మెట్టు ఎక్కించి "గోవిందా!" అన్నాడు. మామ చేత్తో గాలిలో తలుపు ఆకారం గీసి చూపించాడు. మండలి అంతా చేతులెత్తి గాలిలో తలుపులు గీస్తూ చిందులు వేసింది. బయట సత్యనారాయణ గారు కళ్లు మూసుకుని రాగంలో మునిగిపోయారు. ఆఖరి మొల దిగింది.

అప్పుడు నాయనమ్మ హారతి పళ్లెంతో వచ్చింది. ఆమెకు చూపు సరిగా ఆనదు. ముళ్లకంపను కాలితో పక్కకు నెట్టుకుంటూ, కంచెను తడుముకుంటూ తూర్పు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగింది. తిరిగి తూర్పుకే వచ్చి నిలబడింది.

"నర్సిగా, తలుపేదిరా?"

నామం ఒక్కసారిగా తడబడింది. నాయిన కళ్లు తెరిచాడు. అన్ని దిక్కులా చూశాడు. నోరు మాత్రం నీరసంగా గోవిందా అంటూనే ఉంది.

"మేకను బయట పెట్టనీకె కట్టిన్రా, మీరు లోపట ఉండనీకె కట్టిన్రా? మీ గోవిందుడైనా లోపట్కి రావాలంటే తొవ్వ ఉండాలె గదరా!"

ఎల్లయ్య మామ ఆగలేకపోయాడు. "నేను జెప్తనే ఉన్న బావా!"

"ఏం జెప్పినవ్? గోవిందా అన్నవ్!"

"ఇంకో మాట మాట్లాడొద్దంటివి గద! ఇంకేమనాలె?"

"నేను చూళ్లేదండీ, కళ్లు మూసుకున్నానండీ. రాగం అలాంటిదండీ" అన్నారు సత్యనారాయణ గారు బయటి నుంచి, అందరిలోకీ సుఖంగా.

దూకుదామన్నాడు మామ. తులసమ్మ కంచె దూకడమంటే గుడి గోడ దూకినట్టే అన్నాడు నాయిన. కోసేద్దామన్నారు ఇంకొకరు. హారతి చూడని కంచెను కోయడం అపచారం అన్నాడు నాయిన. ముందు హారతి కావాలి, తర్వాతే ఏదైనా. కానీ పళ్లెం జాలి కంతల్లో పట్టదు. చివరికి సత్యనారాయణ గారు బండ ఎక్కి, పళ్లెం కంచె మీదుగా లోపలికి చాపారు. మేమంతా ఒకరి మీద ఒకరు పడి కళ్లకద్దుకున్నాం. అందరి చేతుల మధ్య నుంచి ఒక మొహం పైకి లేచింది. గడ్డంతో, కొమ్ములతో. సుందరి కూడా హారతి వైపు మెడ చాపింది. దాని నోట్లో నాయిన మెడలోని బంతిపూల దండ సగం ఉంది, మిగతా సగం నాయిన మెడలోనే ఉంది.

నాయిన తన సగం దండ తీసి పక్కన పెట్టి, వంగి ఒక్కో తులసి మొక్కనూ చూసుకుంటూ వెళ్లాడు. పడమటి మూల మొక్క దగ్గర ఆగాడు. కొస కొరికి ఉంది.

"మాట అంటే మాట" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, దాంతో నాకింకా భయమేసింది. నేను సుందరి మెడ పట్టుకుని అక్కడే కూలబడ్డాను.

"ఆగురా" అంది నాయనమ్మ జాలి మీద వేలు పెట్టి. "అది మీ ఎనక నడిచిందా లేదా?"

నాయిన నా వైపు చూశాడు. "పడమర కాడి నుంచి నా ఎనకనే ఉంది నాయినా" అన్నాను. "అంతకుముందు నాకు తెల్వదు."

"తూర్పు నుంచే ఉంది బావా" అన్నాడు మామ. "గోవిందా అని అది కూడ జెప్పిన."

"చుట్టు తిరిగింది" అంది నాయనమ్మ. "హారతి తీసుకున్నది, అందరు చూసిన్రు. మండలోళ్లు పూజైనంక తులసాకు నోట్లేసుకుంటే ప్రసాదం అంటవ్. ఇది ఏస్కుంటే పాపమా? ఆంధ్రాయనకో నియమం, సుందరికో నియమమా?"

"నన్ను కలపకండమ్మా" అన్నారు సత్యనారాయణ గారు నొచ్చుకుని. వెంటనే, "అయినా పాయింటు కరెక్టేనండీ" అన్నారు.

నాయినకు తన నియమం ఒక పక్క, తన మాట ఒక పక్క. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. మా నాయినకు మొహంతో నవ్వడం రాదు, భుజాలతో నవ్వేవాడు. "బయట ఉన్న మేక ముడితే అన్న గదా నేను," అన్నాడు, "ఇది మండలి మనిషైపాయె. మండలోళ్లను పంపే హక్కు నాకు లేదు." నేను సుందరిని గట్టిగా పట్టుకుని ఏడ్చాను. అది నా చెవి కొరికింది.

ఆ తర్వాత తలుపు ఎక్కడ కోయాలన్న గొడవ మళ్లీ మొదలవబోయింది. తూర్పు అన్నాడు నాయిన, ఉత్తరమండీ అన్నారు ఆయన. ఆలోపు సుందరి వెళ్లి పడమటి జాలికి నుదురు ఆనించి నెడుతోంది, బహుశా కోళ్ల వాసన దానికి నచ్చి ఉంటుంది. "ఇగ ఆమె చెప్పింది గద, కానీయుండ్రి" అంది నాయనమ్మ. అందరికీ ఆకలిగా ఉంది. సత్యనారాయణ గారు పెట్టెలో నుంచి పట్టుకారు తీసి, ముళ్లకంపలో పంచె చింపుకుంటూ పడమటికి వెళ్లి అక్కడే కోశారు. ముందు సుందరి బయటికి వచ్చింది, తర్వాత మండలి వరుసగా, కుడివైపు తిరుగుతూ. పాత మంచం ఒకటి తలుపుగా బిగించాం. మర్నాడు తులసి కల్యాణం అయింది. సుందరి గుంజకు కట్టేసి ఉన్నా ప్రసాదంలో దానికీ వంతు వచ్చింది. నాయనమ్మ పోయేదాకా దాని పాలే తాగింది.

కోసిన జాలిని సత్యనారాయణ గారు చుట్టి తన పెట్టెలో పెట్టుకున్నారు. సొంతూరు తిరిగి వెళ్లేటప్పుడు హార్మోనియంతో పాటు నా చేతిలో పెట్టి, "మీ నాన్నగారికి చూపించకమ్మాయ్, మళ్లీ వాస్తు మాట్లాడతారు" అన్నారు.

ఆ వనం ఉన్నచోట ఇప్పుడు మా అపార్టుమెంటు పార్కింగు దిగుడు దారి ఉంది. ఇక్కడ గోడ పెద్దది, తలుపులు మాత్రం లెక్కలేనన్ని. అయినా లోపలికి రావడం ఆ రోజు బయటికి రావడం కంటే కష్టం. మా ఆడపడుచు వస్తే గేటు దగ్గర ఎవరింటికి, ఎందుకు, ఏ నంబరు అని అడుగుతారు. నేనే ఒకసారి కూరగాయలు తెస్తూ ఫోను మరిచిపోతే, నా తాత నడిచిన నేల మీద నన్ను ఆపి, మీరు ఎవరింటికమ్మా అన్నారు. కోపం రాలేదు. వాళ్లకూ ఒక నియమం ఉంది, నియమాలంటే నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా మండలి ఇప్పుడు కింది హాలులో కూడుతుంది. అందులో ఏ ఊరివాళ్లున్నారో నేను అడగను. వచ్చినవాళ్లను తులసి కుండీ చుట్టూ ఒకసారి తిప్పి హారతి ఇస్తాను, అక్కడితో సరి. కిందటిసారి పిజ్జా తెచ్చినతను దారి తప్పి వచ్చి చుట్టూ తిరిగి హారతి తీసుకున్నాడు. ఇక అతనూ మావాడే.

పావురాల వలకు తలుపు పడమర పెట్టించాను. మా ఆయన ఎందుకని అడగలేదు. చుట్టిన ఆ జాలి ముక్కను తులసి కుండీ పక్కన పెట్టి, ఈకను తీయకుండా అట్లాగే ఉంచి దీపం వెలిగించాను. మీరూ ఒక్క క్షణం కళ్లు మూసుకుని నాతో కలిసి స్వామిని అడగండి. గోపాలా, మేము భక్తితో కళ్లు మూసుకుని కట్టుకునే కంచెలను నువ్వు కళ్లు తెరిచి చూస్తూ ఉండు. తలుపు వదలడం మేము మరిచిపోతే గుర్తుచేయడానికి ఒక ముసలమ్మను పంపు. ఆమె మాట కూడా మేము వినకపోతే, తండ్రీ, ఒక మేకనైనా పంపు.